పని వచ్చు, కాగితమే లేదు: కాలిఫోర్నియా జైలు నుంచి బయటికొచ్చిన ఫైర్‌ఫైటర్‌కి ఉద్యోగం దొరకడానికి సాయపడటం ఎలా

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల పాలిసేడ్స్, ఈటన్ మంటలు వీధులకు వీధులే తగలబెడుతున్నప్పుడు టీవీ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, పసుపు చొక్కాల ఫైర్‌ఫైటర్లతో పాటు నారింజ రంగు బట్టల్లో ఇంకొందరు కొండవాలు మీద వరసగా నిలబడి నేల గీకుతూ కనిపించారు. వాళ్లు ఖైదీలు. ఆ మంటల మీదికి వెళ్లిన ఖైదీలు వెయ్యిమందికి పైనే. మన తెలుగు గ్రూపుల్లో కూడా ఆ వీడియోలు తిరిగాయి, పాపం ఎంత కష్టపడుతున్నారో అని రాసుకున్నాం, మంటలు ఆరాక మర్చిపోయాం. వాళ్లలో ఒకతను శిక్ష పూర్తి చేసుకుని బయటికొచ్చి, అదే పని జీతానికి చేస్తానంటే ఏమవుతుందో నేను కొన్నేళ్లుగా దగ్గర్నుంచి చూస్తున్నాను. శాక్రమెంటో వైపు ఉంటాను, వారానికో సాయంత్రం జైలు నుంచి వచ్చినవాళ్లకి రెజ్యూమెలు, అప్లికేషన్లు రాసిపెట్టే చోట కూర్చుంటాను. అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీరు ఇలాంటి ఒక్క మనిషికి సాయంగా నిలబడాలనుకున్నా పనికొస్తుంది.

ముందు ఖైదీలు ఉండి మంటలార్పే ఈ క్యాంపుల సంగతి కొంచెం తెలియాలి. కాలిఫోర్నియా జైళ్ల శాఖ, రాష్ట్ర అగ్నిమాపక శాఖ అయిన కాల్ ఫైర్, లాస్ ఏంజెలెస్ కౌంటీ ఫైర్ డిపార్ట్‌మెంట్ కలిసి వీటిని నడుపుతాయి. 1946లో మొదలైన రెయిన్‌బో క్యాంపు నుంచి లెక్కేసుకుంటే ఎనభై ఏళ్ల చరిత్ర. ఇష్టపడి చేరినవాళ్లనే తీసుకుంటారు, నాలుగు రోజులు క్లాసు, నాలుగు రోజులు మైదానంలో శిక్షణ ఇస్తారు, ఆ తర్వాత కాల్ ఫైర్ కెప్టెన్ కింద హ్యాండ్ క్రూలో పని. నీళ్ల గొట్టం పట్టుకునే పని కాదిది. మంట వచ్చే దారిలో చెట్లు, పొదలు కొట్టేసి, కింద మట్టి తేలేదాకా గీకి, కాలడానికేమీ మిగలకుండా ఒక బాటలాగా తీస్తారు, దాన్నే ఫైర్ లైన్ అంటారు. ఒక్కోసారి 24 గంటలు ఆగకుండా చేస్తారు. దీనికి చాలాకాలం రోజుకి 5.80 నుంచి 10.24 డాలర్లు ఇచ్చారు, మంటల మీద ఉన్నప్పుడు గంటకి ఇంకో డాలరు. 2025 అక్టోబరులో సంతకమైన ఏబీ 247 చట్టంతో మంటల మీద ఉన్న ప్రతి గంటకి 7.25 డాలర్లు అయింది.

అంటే బయటికొచ్చే మనిషికి పని వచ్చు, అలవాటు ఉంది, భయం ఎప్పుడో పోయింది. అతని దగ్గర లేనిది కాగితం. మీరు చేసే సాయమంతా ఆ కాగితాలు సరైన వరసలో పోగయ్యేలా చూడటమే. వరస తప్పితే నెలలు పోతాయి. ఇది నా తప్పు నుంచే నేర్చుకున్నాను. మొదట్లో ఒకతనితో నేరుగా ఒక సిటీ ఫైర్ డిపార్ట్‌మెంటుకి అప్లై చేయించాను. మంచి జీతం, పెన్షన్ అని నేనే ఊరించాను. అతను రెండు నెలలు రాత పరీక్షకి చదివాక తెలిసింది, అక్కడ చేరాలంటే ఈఎంటీ అనే అత్యవసర వైద్య సర్టిఫికెట్ ఉండాలని, అతని కేసుల వల్ల అది అప్పట్లో అతనికి ఇవ్వరని. అతను నన్నేమీ అనలేదు, కానీ తర్వాతి మూడు వారాలు రాలేదు.

కాబట్టి ముందు ఈ ఈఎంటీ అడ్డంకి గురించి చెబుతాను. అమెరికాలో సిటీ ఫైర్ స్టేషన్లకి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం మంటల గురించి కావు, గుండెనొప్పులు, యాక్సిడెంట్లు. అందుకే దాదాపు అన్ని సిటీ డిపార్ట్‌మెంట్లూ ప్రథమ చికిత్సకి పై మెట్టయిన ఈఎంటీ సర్టిఫికెట్ అడుగుతాయి. కాలిఫోర్నియా రూల్స్ ప్రకారం ఒక ఫెలనీ, అంటే పెద్ద నేరం, రికార్డులో ఉంటే విడుదలైన పదేళ్ల దాకా ఈఎంటీ రావడం కష్టం, రెండు ఉంటే తలుపు మూసేసినట్టే. పెరోల్‌లో, అంటే విడుదలయ్యాక కొంతకాలం ఉండే అధికారుల పర్యవేక్షణలో, ఉండగా అసలు ఇవ్వరు. జైలు క్యాంపులో ఉండగా అగ్నిమాపక శాఖే పంపి మంటలార్పించిన మనిషి ఇతను. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఈ అడ్డంకిని దాటడానికే 2020లో ఏబీ 2147 చట్టం వచ్చింది, దాని దగ్గరికి వస్తాను. ఇప్పటికి గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, మొదటి ఉద్యోగానికి సిటీ వైపు వెళ్లొద్దు, అడవి వైపు వెళ్లండి. కాల్ ఫైర్‌లో ఫైర్‌ఫైటర్ వన్ అనే సీజనల్ ఉద్యోగానికీ, ఫెడరల్ ప్రభుత్వపు ఫారెస్ట్ సర్వీస్ క్రూలకీ ఈఎంటీ అక్కర్లేదు. క్యాంపుల నుంచి వచ్చినవాళ్లని కాల్ ఫైర్, ఫారెస్ట్ సర్వీస్, అడవి మంటల్లో బాగా ఆరితేరిన హాట్‌షాట్ క్రూలు ఇంతకుముందు తీసుకున్నాయి కూడా.

విడుదలకి ముందే చేయాల్సినవి

మనిషి ఇంకా క్యాంపులో ఉండగానే మీకు పరిచయమైతే అదృష్టం. ఉత్తరంలో ఇవి అడగమని చెప్పండి: శిక్షణ సర్టిఫికెట్ల కాపీలు, ఏ ఏడాది ఏ మంటల మీద పనిచేశాడో జాబితా, క్యాంపులో చేరిన తేదీ, వదిలిన తేదీ, కెప్టెన్ పేరు. జైళ్లలో ఖైదీ ఫైలులో పెట్టే నోట్లని క్రోనో అంటారు. మంచి పని చేసినందుకు మెచ్చుకుంటూ కెప్టెన్ రాసే క్రోనో ఒకటి దొరికితే అది బంగారం. బయటికొచ్చాక ఇవన్నీ తెప్పించుకోవచ్చు, కానీ ఉత్తరాలూ ఫోన్లూ తిరిగి తిరిగి ప్రాణం విసుగెత్తుతుంది, ఈలోపు ఆ కెప్టెన్ ఇంకో చోటికి బదిలీ అయిపోతాడు. బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు, రాష్ట్ర ఐడీ కూడా లోపల ఉండగానే మొదలుపెట్టించాలి.

డ్రైవింగ్ లైసెన్స్ సంగతి అందరూ ఆఖర్న చూస్తారు, మీరు మొదట చూడండి. పిల్లల పోషణ డబ్బు బాకీ ఉన్నా, తాగి నడిపిన కేసున్నా లైసెన్స్ ఆగిపోయి ఉండొచ్చు, ఆ విషయం అతనికే తెలిసి ఉండకపోవచ్చు. అడవి క్రూలు ఉండే చోటుకి బస్సు వెళ్లదు.

బయటికొచ్చిన మొదటి రెండు నెలలు

పెరోల్‌లో ఉన్న మనిషి సాధారణంగా ఇంటి నుంచి 50 మైళ్లు దాటాలంటే పెరోల్ ఏజెంట్ అనుమతి కావాలి, రాష్ట్రం దాటాలంటే రాతపూర్వకంగా కావాలి. హ్యాండ్ క్రూకి పొద్దున ఆరింటికి ఫోనొస్తే మధ్యాహ్నానికి 300 మైళ్ల అవతల ఉండాలి. ఈ రెండూ ఎలా పొసుగుతాయి? అందుకే ఉద్యోగం వచ్చాక కాదు, అప్లై చేసేటప్పుడే ఏజెంట్‌తో మాట్లాడించండి. మీరు పక్కన కూర్చుని, ఉద్యోగ ప్రకటన ప్రింటు తీసుకెళ్లి, ఈ పనిలో ప్రయాణాలు ఎలా ఉంటాయో చూపిస్తే, చాలామంది ఏజెంట్లు ముందే ఒక లెటర్ ఇవ్వడానికి ఒప్పుకుంటారు. మనిషికి ఉద్యోగం దొరకడం వాళ్లకీ కావాల్సిందే. నోటిమాట మీద వదిలేయొద్దు, కాగితం మీద తీసుకోండి.

కెమెరిల్లోలో ఉన్న వెంచురా ట్రైనింగ్ సెంటర్ గురించి తప్పకుండా చెప్పాలి. 2018లో మొదలైంది, కాల్ ఫైర్, కాలిఫోర్నియా కన్సర్వేషన్ కోర్, జైళ్ల శాఖ, యాంటీ రెసిడివిజం కొయలిషన్ అనే సంస్థ కలిసి పెట్టాయి. క్యాంపుల్లో పనిచేసి పెరోల్ మీద వచ్చినవాళ్లకి 18 నెలల పాటు అక్కడే ఉండి శిక్షణ, జీతం, ఉద్యోగానికి దారి, అన్నీ ఒకే చోట. ఇల్లు లేని మనిషికి ఇంతకన్నా మంచి మెట్టు నాకు తెలియదు. ఇబ్బంది ఒకటే, 18 నెలలు అంటే పిల్లలున్నవాళ్లకి గుండె ఒప్పదు. ఇంత కాలం దూరంగా ఉన్నాను, మళ్లీ ఎలా వెళ్లను అంటారు. బలవంతపెట్టొద్దు, కానీ విషయం మాత్రం పూర్తిగా చెప్పండి.

ఫారెస్ట్రీ అండ్ ఫైర్ రిక్రూట్‌మెంట్ ప్రోగ్రామ్ అని ఇంకో సంస్థ ఉంది. దాన్ని మొదలుపెట్టిన బ్రాండన్ స్మిత్, రాయల్ రేమీ ఇద్దరూ ఒకప్పుడు క్యాంపుల్లో మంటలార్పినవాళ్లే. బయటికొచ్చి ఉద్యోగం కోసం తిప్పలు పడి, తమలాంటివాళ్లు ఆ తిప్పలు పడకూడదని పెట్టారు. మీరు గంట సేపు చెప్పినా నమ్మని మాట వాళ్లు పది నిమిషాల్లో నమ్మించగలరు. మొదటి వారంలోనే అతని చేత ఫోన్ చేయించండి.

కోర్టు ఆర్డర్

ఇప్పుడు ఏబీ 2147. 2021 జనవరి నుంచి అమల్లో ఉంది, కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో 1203.4బీ సెక్షన్. క్యాంపులో గానీ, జైలు లోపలి ఫైర్ స్టేషన్‌లో గానీ బాగా పనిచేసి విడుదలైన మనిషి, శిక్ష పడిన కౌంటీ కోర్టుకి వెళ్లి, నా కేసు కొట్టేయండి అని పిటిషన్ పెట్టుకోవచ్చు. అతను నిజంగానే బాగా పనిచేశాడని జైళ్ల శాఖ కోర్టుకి ధ్రువీకరించాలి, ప్రభుత్వం తరఫున కేసు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీకి 15 రోజుల ముందు నోటీసు వెళ్లాలి. జడ్జి ఒప్పుకుంటే పెరోల్ లేదా ప్రొబేషన్ కూడా ముందే ముగించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ తర్వాత రాష్ట్ర, స్థానిక లైసెన్సుల అప్లికేషన్లలో ఆ నేరం గురించి చెప్పనక్కర్లేదు. ఈఎంటీ దారి తెరుచుకునేది ఇక్కడే. టీచరు, పోలీసు ఉద్యోగాల్లాంటి కొన్నిటికి మాత్రం చెప్పాల్సిందే.

అందరికీ వర్తించదు. హత్య, కిడ్నాప్, రేప్, చిన్నపిల్లల మీద లైంగిక నేరాలు, ఆర్సన్ అంటే కావాలని నిప్పు పెట్టిన కేసు, మరణశిక్ష లేదా యావజ్జీవం పడదగిన నేరాలు, సెక్స్ అఫెండర్‌గా రిజిస్టర్ అవ్వాల్సిన కేసులు, గత పదేళ్లలో జైలు నుంచి పారిపోయిన కేసు ఉంటే కుదరదు. ఈ జాబితా ముందే చూడకుండా ఎవరికీ ఆశ పెట్టొద్దు. పిటిషన్ మీరు రాయొద్దు, మీరు లాయరు కాదు, నేనూ కాదు. ఆ కౌంటీలో లాయర్‌ని పెట్టుకోలేనివాళ్ల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్ల ఆఫీసు, పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో రికార్డు క్లియర్ చేసే విభాగం ఉందేమో కనుక్కోండి. మీ పని కాగితాలు ఫైలులో వరసగా పెట్టివ్వడం, తారీకులు గుర్తు చేయడం, హియరింగ్ రోజు కారులో దింపడం. శిక్ష లాస్ ఏంజెలెస్‌లో పడి, మనిషి రాష్ట్రానికి ఉత్తరాన దూరంగా ఉన్న రెడ్డింగ్‌లో ఉంటే ఆ కారు ప్రయాణమే పెద్ద సాయం.

రెజ్యూమె

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చదువుకున్న మనవాళ్లు బాగా చేయగలిగింది ఇదే.

ఒక సాయంత్రం ఒకతను మడతలు పడిన కాగితం ఇచ్చాడు. అందులో "అడవి పని, మూడేళ్లు" అని ఒకే ఒక్క లైను. ఏం చేసేవాడివి అని అడిగితే భుజాలు ఎగరేశాడు. అప్పుడు బల్ల మీదున్న పెన్నులు అతని ముందుకి తోసి, మీ క్రూ ఎలా నడిచేదో పెట్టి చూపించు అన్నాను. ముందు ఎర్ర పెన్ను పెట్టాడు, ఇది మొదటి రంపం. దాని పక్కన నీలం మూత, రంపంవాడు కోసిన కొమ్మలు లాగి పారేసేవాడు. వెనక ఇంకో రంపం, ఇంకో మనిషి. ఆ తర్వాత పులాస్కీలు, ఒకవైపు గొడ్డలి, ఒకవైపు పారలాగా ఉండే పనిముట్టు. ఆ వెనక మెక్లౌడ్లు, పెద్ద పళ్ల దంతెలు. చివర్న చిన్న పెన్సిల్ ముక్క పెట్టి, ఇది డ్రాగ్ స్పూన్, లైను సరిగ్గా వచ్చిందో లేదో చూసేవాడు, వెనక నుంచి ఏం జరిగినా అరిచి ముందుకి చెప్పేవాడు అన్నాడు. మరి నువ్వెక్కడ అంటే పెన్నుల పక్కన వేలు పెట్టి వరస మొదటి నుంచి చివరిదాకా జరిపాడు. అతను స్వాంపర్. కెప్టెన్ తర్వాత క్రూని నడిపే ఖైదీ. డజను మందికి పైగా మనుషుల పనిముట్లు, నీళ్లు, భద్రత అన్నీ అతని చేతిలో ఉండేవి. అది కాగితం మీద లేదు.

కాబట్టి అడగండి, తొలిచి తొలిచి అడగండి. ఏ పనిముట్టు, ఎన్ని సీజన్లు, ఎన్ని మంటలు, మంటలు లేనప్పుడు ఏం చేసేవాడు, వంతెన దగ్గర వరద పని చేశాడా, ఇసుక బస్తాలు వేశాడా, రంపాలు తనే సానబెట్టేవాడా. ఫెడరల్ ఉద్యోగాలకి వారానికి ఎన్ని గంటలు పనిచేశాడో, నెల, సంవత్సరంతో సహా రాయాలి, అది లేకపోతే ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోరు. పనిచేసిన చోటు దాచొద్దు, అలాగని శిక్షతో మొదలుపెట్టనూ వద్దు. కాల్ ఫైర్ హ్యాండ్ క్రూ, ఫలానా కన్సర్వేషన్ క్యాంపు అని రాస్తే అది నిజం, చదివే ఫైర్ కెప్టెన్‌కి అర్థమవుతుంది.

కోర్సుల విషయం తొందరగా చెప్పేస్తాను. ఎస్-130, ఎస్-190, ఎల్-180, ఐ-100, ఐఎస్-700, ఈ అయిదూ అడవి మంటల పనికి మొదటి మెట్టు. క్యాంపులో చేసిన శిక్షణకి వీటి సర్టిఫికెట్లు ఉన్నాయేమో చూడండి, లేనివి మళ్లీ చేయించండి. ఐఎస్-700 ఆన్‌లైన్‌లో ఉచితం. ఇవి, కింద చెప్పే నడక పరీక్ష పాసైతే రెడ్ కార్డ్ అనే అర్హత కార్డు ఇస్తారు, అది సీజన్ సీజన్‌కీ కొత్తగా తీసుకోవాలి.

నడక పరీక్ష అంటే 45 పౌండ్ల బరువు, అంటే మనలెక్కలో 20 కిలోలకి పైన, వీపున వేసుకుని 3 మైళ్లు 45 నిమిషాల్లో నడవాలి, పరుగెత్తకూడదు. క్యాంపులో ఉన్నప్పుడు ఇది వీళ్లకి లెక్కే కాదు. కానీ బయటికొచ్చి మూడు నెలలు సోఫా మీద పడుకుని, టెన్షన్‌తో నిద్రపట్టక, దొరికింది తిని ఉన్నాక ఊపిరి అందదు. వారానికి రెండుసార్లు మీరూ కలిసి నడవండి, మీకూ మంచిదే. బూట్లు కూడా చూసుకోవాలి, తోలువి, కనీసం 8 అంగుళాల ఎత్తు, వేడికి కరగని అడుగు ఉండాలి. మంచి జత నాలుగైదు వందల డాలర్లు. ఏదైనా డబ్బు సాయం చేయాలనిపిస్తే ఇక్కడ చేయండి. అతను దాని గురించి అడగడు, అడగడానికి మొహమాటపడతాడు.

అప్లికేషన్లు ఎప్పుడు, ఎక్కడ

మంటలు ఎండాకాలంలో వస్తాయి కదా అని మేలో అప్లై చేస్తే ఆలస్యమైపోతుంది. ఫారెస్ట్ సర్వీస్ ఉద్యోగాలు యూఎస్ఏ జాబ్స్ వెబ్‌సైట్‌లో ముందు ఏడాది చివర్లోనే పడుతుంటాయి, అక్టోబరు నుంచే వారం వారం చూడాలి. ఈ ఫెడరల్ ఉద్యోగాలకి అమెరికా పౌరసత్వం ఉండాలి. షరతులతో ఉద్యోగం ఇస్తామని చెప్పేదాకా నేరాల గురించి అడగకూడదని ఫెడరల్ చట్టం ఉంది. ఆ తర్వాత వచ్చే ఓఎఫ్-306 అనే ఫారంలో గత 7 ఏళ్లలో శిక్ష, జైలు, పెరోల్ గురించి అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే, నేరం వల్ల పోని ఉద్యోగం అబద్ధం వల్ల పోతుంది. కోర్టు ఆర్డర్ వచ్చినవాళ్లు ఏం రాయాలో లాయర్‌ని అడిగి రాయాలి.

ప్రైవేటు కాంట్రాక్టు క్రూలు, పొదలు కొట్టి అడవి శుభ్రం చేసే కంపెనీలు కూడా మొదటి ఉద్యోగంగా బాగుంటాయి, తొందరగా తీసుకుంటాయి. అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువ పనివాళ్లున్న కాలిఫోర్నియా కంపెనీలు కూడా ముందే నేరాల గురించి అడగకూడదు, 2018 నుంచి ఉన్న రూలు. తర్వాత చూసి వద్దనుకుంటే ఏ నేరం వల్లో రాసి ఇవ్వాలి, జవాబు చెప్పుకోవడానికి కనీసం 5 పనిదినాలు ఇవ్వాలి. ఆ అయిదు రోజుల్లో కెప్టెన్ క్రోనో, సర్టిఫికెట్లు, మీ లెటర్ పంపండి. చాలామంది ఆ నోటీసు రాగానే అయిపోయిందనుకుని కాగితం చించేస్తారు, అందుకే ముందే చెప్పి ఉంచండి.

ఇంటర్వ్యూలో పాత కేసు గురించి అడిగితే జవాబు నిమిషం దాటకూడదు. ఏం చేశాను, దానికి ఏం అనుభవించాను, ఆ తర్వాత ఏం నేర్చుకుని ఇక్కడ కూర్చున్నాను. మూడు ముక్కలు, అంతే. కొందరు ఏడుస్తూ పదిహేను నిమిషాలు చెబుతారు, కొందరు ఒక్క మాట చెప్పి బిగుసుకుపోతారు. ఇరవైసార్లు ప్రాక్టీస్ చేయించండి, మీరు కెప్టెన్‌లాగా కూర్చుని నిజంగానే కఠినంగా అడగండి. చివరికి అతను కళ్లలోకి చూసి మామూలు గొంతుతో చెప్పగలిగిన రోజు మీకే తెలుస్తుంది.

ఫోన్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ దీనివల్లే పోయిన ఉద్యోగాలు నేను చూశాను. ప్రీపెయిడ్ ఫోన్లో డబ్బులైపోయి నంబరు మారుతుంది, వాయిస్ మెయిల్ పెట్టుకోరు, పెట్టుకున్నా నిండిపోయి ఉంటుంది, తెలియని నంబరు అయితే ఎత్తరు. క్రూ కెప్టెన్ రెండోసారి చేయడు, జాబితాలో తర్వాతి పేరుకి చేస్తాడు. అప్లికేషన్లో అతని నంబరుతో పాటు, ఒప్పుకుంటే మీ నంబరు కూడా ఇవ్వండి.

మనవైపు కూడా దీనికి దగ్గరి పని ఒకటి జరుగుతుంది, చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్ల శాఖ పెట్రోల్ బంకులో ఖైదీలు పనిచేయడం హైదరాబాద్‌లో చాలామంది చూసే ఉంటారు. లోపల నేర్చుకున్న పని బయట కూడా తిండి పెట్టాలనే ఆలోచన మనకి కొత్తేమీ కాదు.

ఉద్యోగం వచ్చాక మీ పని అయిపోలేదు. ఇవి సీజనల్ ఉద్యోగాలు, చలి ముదిరే వేళకి ఇంటికి పంపేస్తారు. సెప్టెంబరు చివర్లో ఒకసారి ఫోన్ చేసి, పై పోస్టుకి కావాల్సిన పనులు చేసి చూపించినట్టు నమోదు చేసే టాస్క్ బుక్‌లో కెప్టెన్ సంతకాలు పెట్టించుకున్నాడో లేదో అడగండి, క్రూ విడిపోయాక ఆ సంతకాల కోసం ఊరూరూ తిరగాలి. పని ఆగిన వారమే నిరుద్యోగ భృతికి అప్లై చేయించండి, అదే వారం వచ్చే ఏడాది అప్లికేషన్లు తెరిచి ఉన్నాయేమో చూడండి, ఈసారి రెజ్యూమెలో మొదటి లైను జీతానికి చేసిన సీజన్ అవుతుంది.